కాయకము చేయించువారి దాసోహము

కాయకము అను మాట మన ఇండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలిసినదే. కాయముచే, అనగా దేహముచే, చిత్తశుద్ధితో చేయబడు పని కాయకము. ఆ పనివలన లభించిన దానిలో తన కుటుంబపోషణకు వలసినంత ఉంచుకొని, తక్కిన దానిని సమాజరూపమున నున్న జంగమమునకు సమర్పించుట దాసోహము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడు ఈ రెండింటిని ఇష్టలింగపూజకు దీటుగా నిలిపెను. వస్త్రములుదుకు మాచయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు, బుట్టలల్లు మేదర కేతయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, కట్టెలమ్ము మోళిగ మారయ్యయు, మంత్రిపదవియందున్న బసవేశ్వరునితో ఒకే అనుభవ మంటపమున కూర్చుండిరి. వారి పనులలో ఎక్కువ తక్కువలు లేవని అచట నిర్ణయింపబడెను.

ఇంతవరకు మనమెల్లరము విన్నదే. ఈ పాఠమున విచారింపదలచినది వేరు. స్వయముగా పని చేయువాని ధర్మము పై మాటలలో స్పష్టముగా నున్నది. ఇతరులచే పని చేయించువాని ధర్మమేమి?

ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో మన కుటుంబములు అనేకము వర్తకవృత్తిలో నున్నవి. వస్త్ర దుకాణములు, కిరాణా కొట్లు, మార్కెట్ యార్డులలో అడ్తి దుకాణములు, ధాన్యపు మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు, ఇట్టివానిలో గుమాస్తాలు, హమాలీలు, దడువాయిలు, చాటకూలీలు, డ్రైవర్లు పని చేయుచున్నారు. కల్యాణములోని శరణులలో పెక్కుమంది తమ చేతులతో తామే పని చేసికొని బ్రదికినవారు. కావున కూలికి పెట్టుకొన్న వానియెడల ఎట్లు మెలగవలెనను ప్రశ్నకు వారి జీవితములనుండి నేరుగా జవాబు దొరకదు. వెదకి తీసికొనవలెను.

ముందుగా ఒక అపార్థమును తొలగించుట అవసరము. గుమాస్తా తన బిడ్డకు జ్వరమని ఒకనాడు సెలవడిగినచో, “కాయకమే కైలాసమని బసవన్న చెప్పలేదా? పనికంటె గొప్పది ఏమున్నది?” అని యజమాని పలుకుట మనవారి దుకాణములలో విననిది కాదు. ఇంతకంటె ఆ బోధను తలక్రిందులు చేయుట వేరొకటి లేదు. శరణులు ఆ మాటను తమ దేహమునకు తాము చెప్పుకొనిరి. మరియొకని వీపుపై బరువు పెట్టుటకు దానిని ఎవరును వాడలేదు. పూజామందిరములో కూర్చుండువానికి కాయకము గుర్తు చేయుటకు పుట్టిన మాటను, గల్లాపెట్టె యొద్ద కూర్చుండువాడు నిలువుకాళ్లపై నున్నవానికి బోధించుట ఎంతటి విపరీతము!

ఇక ఆయ్దక్కి లక్కమ్మ కథకు వత్తము. ఆమె భర్త మారయ్య కాయకము, నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట. ఆ బియ్యముతో లక్కమ్మ వండి జంగమారాధన చేసెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. బసవేశ్వరుడే పరీక్షార్థము అధికముగా చల్లించెనని పెద్దలు చెప్పుదురు. లక్కమ్మ మూటను చూచెను. ఇది మన కాయకమునకు మించినదని, ఎచట దొరికినదో అచటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. ఇంటిలో మరుసటి పూటకు గింజ లేదు. అయినను పంపెను.

ఈ కథను మనము సాధారణముగా అపరిగ్రహమునకు దృష్టాంతముగా చెప్పుకొందుము. అది సరియే. అయితే యజమానిగా చదివినచో దీనికి మరియొక అర్థము కనబడును. లక్కమ్మ అడిగినది ఒకటే: ఈ అధికము ఎవరిది? ఎనిమిది గంటలకు కూలి మాటలాడి పదకొండు గంటలు పని చేయించినప్పుడు, ఆ మూడు గంటలవలన సంచిలోనికి వచ్చిన ద్రవ్యము అట్టి అధికపు బియ్యమే. సెలవునాటి జీతము కోయుట, ప్రావిడెంటు ఫండు కట్టక పేరు పుస్తకమున వ్రాయకుండుట, కాటాలో తరుగు వచ్చెనని హమాలీ కూలినుండి పట్టుకొనుట, ఇవన్నియు ఆ మూటలోని గింజలే. ఆ ద్రవ్యముతో శివరాత్రికి వేములవాడలో అన్నదానము చేసినను, అది దాసోహమగునా? తనది కానిదానిని సమర్పించుట సమర్పణ కాదు. లక్కమ్మ ఆ బియ్యముతో జంగములకు వండి పెట్టవచ్చును గదా, పెట్టలేదు.

“ధర్మము బాగుగనే యున్నది, వ్యాపారము నిలుచునా?” అని అడుగువారు కలరు. అడుగుట న్యాయమే. పాల్కురికి సోమనాథుని బసవపురాణమందు బిజ్జలుని భాండారమును గూర్చిన కథ ఈ సందేహము చుట్టునే తిరుగును. భాండారాధికారియైన బసవేశ్వరుడు ధనమంతయు జంగములకు ధారపోయుచున్నాడని రాజునకు ఫిర్యాదు చేసిరి. రాజు పెట్టెలు తెరిపించి లెక్కింపజేసెను. లెక్క తరుగలేదు. అది భక్తికథ, మన ఖాతా పుస్తకమునకు మహిమలు వర్తింపవు. కాని పనివారిపై వెచ్చించిన పైకము పోయిన పైకమను భయము ఆనాటినుండి ఈనాటివరకు మారలేదు. దానిని మహిమలతో గాక లోకానుభవముతో పరీక్షింతము.

స్కాట్లండు దేశమున న్యూ లానార్క్ అను ఊర రాబర్ట్ ఓవెన్ అనునాతడు 1800 ప్రాంతమున నూలుమిల్లు నడుపుటకు పూనుకొనెను. ఆ కాలమున పసిబిడ్డలు సైతము మిల్లులలో పదమూడు, పదునాలుగు గంటలు పని చేయుచుండిరి. 1806లో అమెరికానుండి పత్తి రాక నిలిచిపోగా మిల్లు సుమారు నాలుగు నెలలు ఆగినది. యంత్రములను శుభ్రపరచు పని మాత్రమే చెప్పి, ఓవెన్ కార్మికులకు పూర్తి వేతనమిచ్చెను. అంతవరకు అతనిని పరాయివాడని అనుమానించినవారు ఆ నాలుగు నెలలతో అతనివారైరి. తరువాత పదేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుట మాన్పించి, పనివేళలను తగ్గించి, 1816లో పాఠశాల తెరచెను. మిల్లు లాభములతోనే నడచెను. నిర్జీవ యంత్రములను తుడిచి నూనె వేసి కాపాడుకొను మీరు, సజీవ యంత్రములను ఏల పాడు చేసికొనుచున్నారని అతడు తోడి మిల్లు యజమానులను ప్రశ్నించెను. నాకు ఇంకను నచ్చిన విషయము మరియొకటి. 1813లో అతడు కూర్చుకొన్న క్రొత్త భాగస్వాములు తమ పెట్టుబడిపై నూటికి ఐదు మాత్రమే తీసికొందుమని ఒప్పుకొనిరి. లక్కమ్మ పేరు వారు వినియుండరు.

దూరదేశపు మాట చాలును. మన గోదావరి తీరమునకు వత్తము.

సింగరేణి బొగ్గు గనులు మన రెండు ఉమ్మడి జిల్లాల బ్రదుకును మార్చినవి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, ఈ ఊళ్లలో మస్టరు పడనిదే పొయ్యి వెలుగదు. కొట్టువాని బేరము సైతము జీతపు తేదీని బట్టియే నడచును. భూగర్భమున చీకటిలో, చెమటలో, కప్పు కూలునను భయముతో చేయు పని అది. 1981లో ఇచటి కార్మికులు 56 దినములు సమ్మె చేసిరి. ఒక్కనాడు అనుమతి లేక పని మానినందులకు ఎనిమిది దినముల వేతనము కోయుదుమనుట దానికి కారణము. ఒకటికి ఎనిమిది! ఏ తక్కెడలో తూచినను ఆ లెక్క నిలువదు. ఒక దినపు పని పోరాదని పెట్టిన ఆ శిక్షవలన ఏబది దినములకు పైగా పని పోయినది.

1990 తరువాత పరిస్థితి ఇంకను క్షీణించెను. ఆ దినములలో సంస్థయందు లక్షమందికి పైగా పని చేయుచుండిరి. ఏడాదికి వందలకొలది చిన్న పెద్ద సమ్మెలు. క్యాంటీనులో టీ బాగుండలేదని ఒకచోట, సర్దారు దూషించెనని మరియొకచోట. బయటివారికి ఇవి అల్పముగా తోచవచ్చును. మాట వినువాడు లేనిచోట చిన్న బాధయే పెద్ద నోరు తెరచును. సంస్థ 1992లోను, మరల 1996లోను ఖాయిలా పరిశ్రమల సంస్థ ముందు నిలువవలసి వచ్చెను. పేరుకొన్న నష్టములు వేయి కోట్ల రూపాయలు దాటినవి. మూతపడునని అందరును తలచిరి.

మూతపడలేదు. కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు ఋణభారమును సర్దినవి. దానితోపాటు కార్మికులతో మాటలాడు పద్ధతి మారినది. సంస్థ పరిస్థితిని, లెక్కలను కార్మికులకును వారి ఇండ్లవారికిని వివరించుట మొదలిడిరి. 1998లో రహస్య ఓటుద్వారా గుర్తింపు సంఘమును ఎన్నుకొను పద్ధతి వచ్చెను. ఎవరితో మాటలాడవలెనో అప్పుడు తేలినది. మరుసటి యేటి ప్రాంతమున లాభములలో నూటికి పది వంతులు కార్మికులకు పంచు ఆచారము ప్రారంభమైనది. అది క్రమముగా పెరిగి 2023లో 32 శాతము, 2024లో 33 శాతము అయ్యెను. దసరా సమీపించుసరికి బొగ్గు పట్టణముల బజారులలో ఆ వాటా డబ్బుయొక్క సందడి మన వర్తకులకు అనుభవమే.

ఇచట నేను అతిశయోక్తి చెప్పదలచుకోలేదు. సింగరేణి నిలబడుటకు లాభవాటా ఒక్కటే కారణము కాదు. ఋణముల సర్దుబాటు, ఓపెన్ కాస్టు గనులు, యంత్రములు, అన్నిటిని మించి కార్మికుల సంఖ్య తగ్గుట కూడ కారణములు. నాటి లక్షకు పైబడిన సంఖ్య నేడు నలుబది వేల ప్రాంతమునకు దిగినది. తండ్రి ఉద్యోగము కొడుకునకు రాని ఇండ్లు ఎన్నియో! ఆ బాధను లాభపు అంకెలు కప్పిపుచ్చలేవు. అయినను ఒక్క మాట నిశ్చయముగా చెప్పవచ్చును. అధికారి కార్మికుని శత్రువుగా చూచిన కాలమున సంస్థ మునిగినది. లెక్క చూపి, మాట విని, వాటా యిచ్చిన కాలమున తేలినది.

క్షేమమనగా డబ్బు మాత్రమే కాదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోనికి, పాత పనిస్థలములలో నిలిచియున్న నీరు ఒక్కసారిగా చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆనాడు డ్యూటీకి పోవుచు ఇంట చెప్పిన మాటయే వారి చివరి మాట. ప్రాణరక్షణ లేనిచోట బోనసులు, బహుమతులు చర్చించుట శవమునకు పూలదండ వేయుట వంటిది. మన మిల్లులలో బెల్టులకు కప్పు ఉన్నదా, హమాలీలు మెట్లెక్కు బస్తాల వరుసలు కూలకుండ పేర్చబడినవా, విద్యుత్తు తీగెలు చినిగి వ్రేలాడుచున్నవా అని యజమాని తన కన్నులతో చూడవలెను. గుమాస్తాను పంపి చూపించుట చాలదు.

కాగజ్‌నగర్ సంగతి క్లుప్తముగా. కాగితపు మిల్లుతో పుట్టి, కాగితము పేరునే పెట్టుకొన్న ఊరది. 1942నుండి కాగితము తయారు చేసిన సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, క్రొత్త యాజమాన్యము చేత 2018లో మరల కదలినది. నడుమ నాలుగేండ్లు జీతము లేని ఇండ్లతో నిండిన ఊరిలో దుకాణము తెరచి కూర్చున్న వర్తకునకు ఒక సత్యము ఎవరును బోధింపనక్కరలేదు. పనివాని జీతమే మన గిరాకి. మన పొరుగువాడు తన పనివారికి తక్కువ యిచ్చినచో మన కొట్టునకు వచ్చు డబ్బు తగ్గును. మనము తక్కువ యిచ్చినచో అతని కొట్టునకు తగ్గును. ఇద్దరును తగ్గించి, ఇద్దరును బేరములు లేవని వగతురు.

బీడీల సంగతి విచారించునప్పుడు మనస్సు కష్టపడును. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో ఇంటి అరుగుపై చాట ఒడిలో పెట్టుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి తంబాకు చుట్టు తల్లులు వేలకొలది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నాణ్యము లేదని కొన్నింటిని ప్రక్కన పెట్టినచో ఆ శ్రమకు ఫలము లేదు. 1966లో బీడీ కార్మికుల పని పరిస్థితులకు, 1976లో వారి సంక్షేమ నిధికి కేంద్ర చట్టములు వచ్చినవి. 2015నుండి రాష్ట్ర ప్రభుత్వము వారికి జీవనభృతి ఇచ్చుచున్నది. యజమాని తీర్పవలసిన ఋణమును ప్రభుత్వము కొంత తీర్చినదన్న మాట. ఇంటిలో కూర్చుండి చేయు పనిగాన యజమాని కంటికి కార్మికురాలు కనబడదు. కనబడనివాని నొప్పి లెక్కకు రాదు. ఈ వ్యాపారముతో సంబంధమున్న మనవారు కనీసము సంవత్సరమునకొకసారి ఆ అరుగులయొద్ద ఒక గంట కూర్చుండి చూడవలెనని నా మనవి. పొగాకు వ్యాపారము అసలు సత్యశుద్ధ కాయకమగునా అనునది వేరొక ప్రశ్న. దానిని ఈ పాఠమునకు చేర్చుట లేదు.

ఇక సొంత దుకాణము. ఒక వస్త్ర దుకాణములో ఇరువది ఏండ్లుగా నున్న గుమాస్తాను తలంచుకొనుడు. జన్నారమునుండి వచ్చు రైతు పెండ్లి బట్టలు ఉద్దెర తీసికొని పత్తి అమ్మిన పిదప చెల్లించునని అతనికి తెలియును. ఏ ఇంటి ముసలమ్మకు ఏ అంచు చీర నచ్చునో అతనికి తెలియును. ఈ జ్ఞానము ఏ ఖాతా పుస్తకములోను లేదు. నెలకు రెండు వేలు ఎక్కువ ఇచ్చుటకు మనసొప్పక అతనిని ఎదుటి దుకాణమునకు పోనిచ్చినచో, అతనితో ఆ రైతులును పోదురు. క్రొత్తవానికి నేర్పుటకు పట్టు రెండేండ్ల కాలమును, ఆ రెండేండ్లలో పోయిన బేరములను ఎవరును లెక్క వ్రాయరు గనుక నష్టము తెలియదు.

అతడు దినమంతయు నిలుచుండియే యుండును. బేరము లేనివేళ కూర్చుండుట అమర్యాద అని మన దుకాణముల వాడుక. నిలిచి పని చేయువారికి కూర్చుండుటకు ఏర్పాటు ఉండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టముననే యుండెను. దుకాణములలోని వారికి ఆ హక్కు కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టముగా వచ్చెను. ఒక పీట వేయుటకు శాసనసభ కూర్చుండవలసి వచ్చినదనిన మన మనస్సులు ఎంత బిగిసినవో తెలియుచున్నది. చట్టము వచ్చువరకు మనమెందుకు వేచియుండవలెను?

రామగుండము ఎండలు అందరెరిగినవే. ఎండవేడిమివలన 2030 నాటికి ప్రపంచమున మొత్తము పనిగంటలలో 2.2 శాతము నష్టమగునని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసినది. వైశాఖ జ్యేష్ఠములలో లారీ దింపు పనిని తెల్లవారుజామునకును సాయంకాలమునకును మార్చి, నడుమ నాలుగు గంటలు నీడలో విశ్రాంతినిచ్చి, చల్లని నీరు, మజ్జిగ ఉంచినచో అయ్యెడి ఖర్చు ఎంత? వడదెబ్బ తగిలిన హమాలీ పది దినములు మంచమెక్కినచో, అతని ఇంటికి కలుగు కష్టమటుండ, బస్తాలు యార్డులోనే నిలిచిపోవును. జిన్నింగు మిల్లులలో పత్తి ధూళి ఊపిరితిత్తులను బిగించును. సెలవు దినము తరువాత పనికి వచ్చిననాడు రొమ్ము పట్టినట్లుండుట ఆ వ్యాధికి తొలి గుర్తు. ముక్కునకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పి ఊరకుండక, ధూళిని బయటకు లాగు పంకాలు పెట్టించుట యజమాని పని.

మనోవ్యాధి యను మాట మన దుకాణములలో వినబడదు. నిరాశ, ఆందోళనలవలన ప్రపంచమున ఏటేట 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన భాషలో చెప్పవలెననిన, అప్పులవాడు ఇంటిముందు కూర్చున్న గుమాస్తా లెక్క తప్పు వ్రాయును. పదిమంది యెదుట తిట్లు తిన్నవాడు కొనుగోలుదారునితో మృదువుగా మాటలాడలేడు. శరణులు ఒకరినొకరు “అయ్యా” యనియే పిలుచుకొనిరి. గద్దెపైనున్న బసవేశ్వరుడు మాదర చెన్నయ్యను తనకంటె పెద్దగా భావించెను. తండ్రి వయసు హమాలీని మన పిల్లలు “ఓరేయ్” అని పిలుచుచుండగా విని ఊరకుండు ఇంటిలో ఎన్ని విభూతి రేఖలు ధరించిన నేమి?

చివరకు మఠముల సంగతి కూడ విచారింపకున్న ఈ పాఠము గృహస్థులకు అన్యాయము చేసినట్లగును. జాతర దినములలో వేకువ మూడు గంటలకు పొయ్యి ముట్టించువారు, ఆకులెత్తువారు, గిన్నెలు తోమువారు, రాత్రి ఆవరణ ఊడ్చువారు, వీరు కూడ పనివారే. “ఇది సేవ” యని చెప్పి వీరి కూలి ఆలస్యము చేయుట, పండుగ దాటిన పిదప ఒకనాటి విశ్రాంతి సైతము ఈయకుండుట కొన్నిచోట్ల గలదు. సేవ తాను ఎంచుకొన్నవానికి సేవ. జీతమునకు వచ్చినవానికి అది కాయకము, దాని ఫలము ఆనాడే ముట్టవలెను. వేల పంక్తులు లేచిన తరువాత మిగిలినది తినుట వంటవారికి అలవాటైనది. వచ్చు వైశాఖ శుద్ధ తదియనాడు, బసవ జయంతి దాసోహమందు, వంటవారిని ఊడ్పువారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి, మఠ సమితి పెద్దలును ఊరి వర్తకులును వడ్డింపవలెనని ఈ పత్రికద్వారా కోరుచున్నాను. ఆ పూట వంట ఎవరు చేయుదురని కొందరు అడుగవచ్చును. ముందురాత్రి కూరగాయలు తరుగుటకు మనమే కూర్చుందము.